నుంగంబాకం రాతి స్తంభం, దాని మీదుగా వెళ్లే గీత

చెన్నై నుంగంబాకంలో వాతావరణ కేంద్రం ఆవరణలో తెలుగు అక్షరాలు చెక్కిన రాతి స్తంభం ఒకటి చూశానని రాశారు. అదేమిటి, ఒకప్పుడు మన దేశానికి సున్నా గీత (రేఖాంశాల లెక్క మొదలయ్యే గీత) అక్కడి నుంచే పోయేదన్న మాట నిజమేనా, మద్రాసులో తెలుగు రాత ఎందుకు చెక్కారు అని మూడు ప్రశ్నలు అడిగారు. నేను ఇరవై ఎనిమిదేళ్లు పటాల పనిలో ఉన్నవాణ్ణి. ఆ స్తంభం పేరు పదవీ విరమణ దాకా నా బల్ల మీద ఉన్న ప్రతి పాత టోపోషీట్ (సర్వే శాఖ పటం) అంచులోనూ కనిపించేది. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

అది మద్రాసు వేధశాలలో, అంటే ఆకాశాన్ని పరిశీలించే అబ్జర్వేటరీలో, మిగిలిన ముక్క. సున్నా గీత అనడం పూర్తిగా సరికాదు. మన పటాల్లో రేఖాంశాలు గ్రీనిచ్ నుంచే లెక్క. అయితే గ్రీనిచ్ ఎంత దూరంలో ఉందో ఇక్కడ ఉన్నవాళ్లకు తెలియాలంటే మద్రాసు వేధశాల ద్వారానే తెలియాలి. మద్రాసుకు ఒక అంకె నిర్ణయించారు, మిగతా దేశమంతటినీ దాని నుంచి తూర్పుకూ పడమరకూ కొలుచుకుంటూ పోయారు. కాబట్టి ఆ మాట అన్నవారు మరీ పొరపాటు పడలేదు.

ముందు ఆ రాయి చేసిన పనేమిటో చెప్పాలి, ఎందుకంటే దాన్ని చూసినవాళ్లలో చాలామంది అదొక స్మారక చిహ్నం అనుకుని వెళ్లిపోతారు. అది పనిముట్టులో భాగం. దాని తల మీద ఒక చిన్న ట్రాన్సిట్ దుర్భిణి కూర్చునేది. మామూలు దుర్భిణిని ఎటు కావాలంటే అటు తిప్పుతాం. ఇది అలా తిరగదు. దాని ఇరుసు కచ్చితంగా తూర్పు పడమరలుగా బిగించి ఉంటుంది, గొట్టం ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి మాత్రమే ఊగుతుంది. మధ్యాహ్నరేఖ అంటే అదే. మన పాత సిద్ధాంత గ్రంథాలు దీన్ని యామ్యోత్తరం అన్నాయి, యముడి దిక్కు నుంచి ఉత్తరానికి పోయే గీత అని. నేల మీద సున్నం వేసి గీసిన గీత కాదది, ఆకాశాన్ని రెండుగా చీల్చే ఒక తలం. కంటికి ఎదురుగా సన్నని తీగలు నిలువుగా ఉంటాయి. నక్షత్రం తూర్పు నుంచి నడిచొచ్చి ఒక్కొక్క తీగను దాటుతుంటే, పక్కనున్న లోలకం గడియారం టిక్కు టిక్కును చెవితో లెక్కపెట్టుకుంటూ ఏ సెకనులో, సెకనులో ఏ పాలులో దాటిందో రాసుకోవాలి. నక్షత్రం స్థానం ముందే తెలిసి ఉంటే గడియారం ఎంత తప్పుతోందో తెలుస్తుంది. గడియారం సరిగ్గా ఉంటే నక్షత్రం స్థానం తెలుస్తుంది. ఈ రెండు పనులూ రాత్రి తర్వాత రాత్రి, ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి దిద్దుకుంటూ సాగేవి.

ఇప్పుడు ఒక లెక్క చూడండి. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు. కాలంలో ఒక్క సెకను తప్పితే కోణంలో 15 సెకన్లు, మద్రాసు అక్షాంశం దగ్గర నేల మీద సుమారు 450 మీటర్లు. దుర్భిణి ఇరుసు వెంట్రుకవాసి కదిలినా పటంలో ఊళ్లు కదులుతాయి. అందుకే 10 టన్నుల రాయి. గోడ వానకు ఉబ్బుతుంది, ఎండకు వంగుతుంది, చెక్క నేల మీద మనిషి నడిస్తే అదురుతుంది. నేలలోకి దిగిన ఒంటి రాయి కదలదు.

వేధశాల మొదలైంది 1786లో, ఎగ్మూరులో, ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి విలియం పెట్రీ సొంత ఖర్చుతో ఇనుము, కలపతో కట్టుకున్న చిన్న కట్టడంగా. 1789లో ఆయన ఇంగ్లండుకు వెళ్తూ పరికరాలను కంపెనీకి అప్పగించాడు. వాటిలో జాన్ షెల్టన్ చేసిన లోలకం గడియారం ఉంది. ఆ గడియారం ఇప్పటికీ కొడైకెనాల్ వేధశాలలో ఉంది. నుంగంబాకం కట్టడం 1792లో పూర్తయింది. దాన్ని రూపొందించిన మైకేల్ టాపింగ్ వృత్తిరీత్యా తీర సర్వేయరు. ఇది ముఖ్యం. కంపెనీకి ఆకాశం మీద ప్రేమ పుట్టి వేధశాల కట్టలేదు. కోరమాండల్ తీరంలో ఓడలు మునిగిపోతుంటే, తీరం ఎక్కడుందో సరిగ్గా తెలియడానికి ఒక కదలని చోటు కావలసి వచ్చింది. టాపింగ్ పని చాలావరకు మన తీరం మీదే సాగింది, చివరికి 1796లో మచిలీపట్నంలోనే జ్వరంతో కన్నుమూశాడు. 1794లో ఆయన మద్రాసులో మొదలుపెట్టిన సర్వే బడే తరువాత గిండీ ఇంజనీరింగ్ కళాశాల అయింది.

తెలుగు రాత సంగతి ఇక్కడ వస్తుంది. ఈ వేధశాల కట్టిన సంగతిని లాటిన్‌తో పాటు తమిళంలో, తెలుగులో, హిందుస్తానీలో చెక్కించారు. గణిత శాస్త్రాలను ఆసియాలో బ్రిటిష్ ఔదార్యం మొదటిసారి నాటిన కాలమేదో వెయ్యేళ్ల తర్వాతి తరాలకు తెలియాలని అప్పట్లో రాసుకున్నారు. ఆ మాట తప్పు. ఆర్యభటుడు, భాస్కరుడు పుట్టిన నేల ఇది. జయసింహుడి జంతర్ మంతర్లు కూడా అప్పటికే నిలబడి ఉన్నాయి. ఆ గర్వాన్ని పక్కన పెడితే, తెలుగులో చెక్కించడం మాత్రం సహజమైన పనే. మద్రాసు ప్రెసిడెన్సీ పాలనలో ఉత్తర సర్కారులు అప్పటికే ఉన్నాయి, నగరంలో తెలుగువాళ్లు అడుగడుగునా ఉన్నారు. వేధశాలకు తెలుగు ఆ ఊరి భాషల్లో ఒకటి, అంతే.

టాపింగ్ తర్వాత జాన్ గోల్డింగ్‌హామ్ వచ్చాడు. ఇప్పుడు రాజాజీ హాలు అంటున్న కట్టడాన్ని రూపొందించింది కూడా ఆయనే. 1796 నుంచి వాతావరణం రోజూ నమోదు చేయించాడు. 1820-21లో సెయింట్ జార్జి కోటలోనూ సెయింట్ థామస్ కొండ మీదా ఫిరంగులు పేల్చినప్పుడు, మంట కనపడ్డాక చప్పుడు ఎంతసేపటికి వినపడిందో లెక్కపెట్టి శబ్ద వేగాన్ని కొలిచాడు. ఎండాకాలానికీ చలికాలానికీ ఆ వేగం మారుతుందని ఆ లెక్కల్లో కనిపించింది.

గోల్డింగ్‌హామ్ సెలవులో ఉన్నప్పుడు వేధశాలను చూసుకున్న జాన్ వారెన్ అనే ఫ్రెంచి వంశీకుడి గురించి కాస్త ఆగి చెప్పాలి. ఆయన 1825లో కాలసంకలిత అనే పెద్ద పుస్తకం అచ్చువేశాడు. తమిళుల సౌరమానం, తెలుగువారి చాంద్రమానం ఎలా లెక్కిస్తారో అందులో పూసగుచ్చినట్టు రాశాడు. పుదుచ్చేరిలో ఒక పంచాంగకర్త ఆయన ఎదుట కూర్చుని, కాగితం కలం లేకుండా, నేల మీద గవ్వలు పరుచుకుంటూ, పట్టికలన్నీ నోటికే చెప్పుకుంటూ 1825 చంద్రగ్రహణాన్ని లెక్కకట్టాడు. గ్రహణం పట్టే సమయం 4 నిమిషాల తేడాతో వచ్చింది. విడుపు మాత్రం దాదాపు గంట తప్పింది. వారెన్ ఆ తప్పునూ రాశాడు, ఆ మనిషి జ్ఞాపకశక్తినీ రాశాడు. మన పంచాంగాల చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు ఈ ఒక్క సంఘటన కోసమైనా ఆ పుస్తకం వెతకాలి. మన సిద్ధాంతులకూ ఒక మధ్యరేఖ ఉండేది, లంక నుంచి ఉజ్జయిని మీదుగా మేరువుకు పోయేది. తమ ఊరు దానికి ఎంత తూర్పో పడమరో చూసుకుని దేశాంతర సంస్కారం చేసుకునేవారు. మద్రాసు రాతి మీద దుర్భిణి చేసిన పని అదే, సూక్ష్మత వేరు.

ఇక పటాలు. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ కొండ దగ్గర నేల మీద 7.5 మైళ్ల బేస్‌లైన్‌ను, అంటే ఆధార గీతను, గొలుసుతో కొలవడం మొదలుపెట్టాడు. 57 రోజులు పట్టింది. మహా త్రికోణమితి సర్వేకు అదే పునాది. ఆ ఒక్క గీత మీద త్రిభుజం, దాని అంచు మీద మరో త్రిభుజం, అలా అల్లుకుంటూ వెళ్లారు. 1811లో గుత్తి దగ్గర, 1815లో బీదర్ దగ్గర మళ్లీ బేస్‌లైన్ కొలిచి అల్లిక సరిగ్గా ఉందో లేదో సరిచూసుకున్నారు. తరువాత శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జి ఎవరెస్టు 1818లో లాంబ్టన్ దగ్గర చేరింది హైదరాబాద్‌లోనే. త్రిభుజాలు చెప్పేది మాత్రం ఈ ఊరికీ ఆ ఊరికీ మధ్య దూరం, దిక్కు. మొత్తం వల భూగోళం మీద ఎక్కడ కూర్చోవాలో చెప్పలేవు. దానికి ఎక్కడో ఒక మేకు కొట్టాలి. రేఖాంశానికి ఆ మేకు మద్రాసు వేధశాల.

నా మనసుకు దగ్గరైన భాగం ఇది. ఆ మేకును కొట్టిన చోటు తప్పింది. రేఖాంశం తెలియాలంటే ఒకే క్షణాన గ్రీనిచ్‌లో ఎంతయింది, మద్రాసులో ఎంతయింది అని తెలియాలి. తంతి (టెలిగ్రాఫ్) లేని రోజుల్లో ఆ ఒకే క్షణాన్ని ఆకాశంలోనే వెతుక్కోవాలి. గురుగ్రహం చందమామలు గ్రహం నీడలోకి దూరే వేళ గ్రీనిచ్ కాలంలో ముందే అచ్చయి వచ్చేది. ఇక్కడ ఆ దృశ్యం చూసి గడియారం చదివి తీసివేస్తే రేఖాంశం. వినడానికి తేలికే. కానీ ఆ చుక్క దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా ఆరిపోదు, మెల్లగా మసకబారుతుంది. పెద్ద దుర్భిణికి కాసేపు ఎక్కువ కనపడుతుంది, చిన్నదానికి ముందే మాయమవుతుంది. చూసే కన్ను మారితే సెకన్లు మారతాయి. వందల పరిశీలనల సగటు తీసి చివరికి సర్వే వారు మద్రాసుకు 80 డిగ్రీల 17 నిమిషాల 21 సెకన్లు అని ఖాయం చేశారు.

నేను చేరిన కొత్తలో ఒక పెద్దాయన పాత షీటు నా ముందు పరిచి, అంచులోని చిన్న అక్షరాలు చదవమన్నారు. ఈ పటంలో రేఖాంశాలు మద్రాసు వేధశాలను 80 డిగ్రీల 17 నిమిషాల 21 సెకన్లుగా పెట్టుకుని వేసినవి, సరైన విలువ కావాలంటే ఇంత తీసివేయాలి అని అందులో ఉంది. ఆ తీసివేత సుమారు రెండున్నర నిమిషాల కోణం. అంటే కాలంలో 10 సెకన్లు, నేల మీద దాదాపు నాలుగున్నర కిలోమీటర్లు. ఆ పాత అంకెను నేటి గోళం మీద గుర్తిస్తే నుంగంబాకం వేధశాల మెరీనా ఒడ్డు దగ్గరికి చేరుతుంది. దేశమంతా దానితో పాటే తూర్పుకు జరిగి కూర్చుంది. "అయినా ఒక్క రోడ్డు తప్పలేదు, ఒక్క కాలువ తప్పలేదు, ఎందుకో చెప్పు" అని ఆయన అడిగారు. మొత్తం వల ఒక్కటిగా జరిగింది కాబట్టి లోపలి దూరాలు చెక్కుచెదరలేదు. గుంటూరుకూ బెజవాడకూ మధ్య దూరం అంతే ఉంది. ప్రపంచంలో మన చోటు మాత్రం జరిగింది. ఆ రోజు నాకు రేఖాంశం అంటే ఏమిటో మొదటిసారి అర్థమైంది.

తప్పు పట్టుకున్నది తంతి. సముద్రగర్భ తీగలు వచ్చాక 1870ల్లో గడియారాలను నేరుగా పోల్చగలిగారు. 1890ల్లో సర్వే అధికారులు బరార్డ్, లెనాక్స్ కనింగ్‌హామ్ టెహరాన్, బుషీర్, కరాచీల మీదుగా తంతి సంకేతాలతో కొలిచి కచ్చితమైన విలువకు దారి వేశారు. అయినా అచ్చయిన పటాలను రాత్రికి రాత్రి మార్చలేరు కదా, అందుకే అంచుల్లో ఆ చిన్న అక్షరాల గమనిక ఏళ్ల తరబడి ఉండిపోయింది.

వేధశాల అసలు ఖగోళ పని గురించి రెండు మాటలు. వేధశాల అధిపతి టి.జి. టేలర్ 1844లో 11,015 నక్షత్రాల పట్టిక వెలువరించాడు. ఆ కాలానికి అది చాలా గొప్ప పని. 1861లో అధిపతిగా వచ్చిన నార్మన్ పాగ్సన్ ఏప్రిల్ 17న ఒక గ్రహశకలాన్ని కనిపెట్టాడు. ఆసియా గడ్డ మీద నుంచి కనిపెట్టిన మొదటి గ్రహశకలం అదే, పేరూ ఆసియా అనే పెట్టాడు. నక్షత్రాల కాంతి తరగతులకు మనం ఈనాటికీ వాడే 2.512 నిష్పత్తి ఆయనదే. ఆయన కూతురు ఐసిస్ 1873 నుంచి అక్కడ లెక్కలు కట్టే సహాయకురాలిగా దాదాపు పాతికేళ్లు పనిచేసింది. రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా చేర్చుకున్నది 1920లో.

నేను ఎక్కువ గౌరవించేది అక్కడే సహాయకుడిగా పనిచేసిన చింతామణి రఘునాథాచారిని. దుర్భిణి దగ్గర కూర్చుని 1867లో ఆర్ రెటిక్యులి అనే చరకాంతి (వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే) నక్షత్రాన్ని పట్టుకున్నాడు. 1868 ఆగస్టు 18 సంపూర్ణ సూర్యగ్రహణానికి పాగ్సన్ మచిలీపట్నం వెళ్తే, ఆచారి ఒక బృందంతో వనపర్తి వచ్చాడు. అదే గ్రహణానికి గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్, ఇంగ్లీషు సైనికాధికారి టెనెంట్ కూర్చున్నారు. గ్రహణంలో సూర్యజ్వాలల వెలుగును రంగులుగా విడదీస్తే కనిపించిన పసుపుపచ్చ గీత కథే తరువాత హీలియం అనే మూలకాన్ని గుర్తించిన కథ అయింది. గుంటూరు పేరు అందరికీ తెలుసు, వనపర్తి పేరు ఎవరూ తలచుకోరు. 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటబోతుంటే, ఆ విషయాన్ని మన భాషల్లో చిన్న పుస్తకంగా వేయించి పంచినవాడు ఆయన. పంచాంగాలు కంటికి కనిపించే ఆకాశానికి సరిపోవాలని దృగ్గణిత పంచాంగం కోసం పాటుపడ్డాడు. 1880లో పోయాడు.

విశాఖ వాళ్లకు ఒక మాట. గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు మద్రాసులో టేలర్ దగ్గర ఖగోళం నేర్చుకుని వెళ్లి 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల పెట్టుకున్నాడు. ఆయన తరువాత అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి, 1874 శుక్ర సంక్రమణాన్ని అక్కడి నుంచి చూశాడు. మద్రాసు రాతి నుంచి మొలిచిన కొమ్మ అది.

సమయం సంగతితో ముగిస్తాను, ఎందుకంటే మామూలు జనానికి వేధశాల తగిలింది అక్కడే. రైళ్లు వచ్చాక ఊరికో మధ్యాహ్నం ఉంటే పని జరగదని 1870లో మద్రాసు కాలాన్ని రైల్వేలకు ఖాయం చేశారు. కలకత్తా కాలానికి 32 నిమిషాలు వెనక, బొంబాయికి 30 నిమిషాలు ముందు, రెంటికీ నడుమ ఉండటమే దాని అర్హత. రోజూ సాయంత్రం 4 గంటలకు వేధశాల నుంచి తంతి మీద దేశమంతా సంకేతం వెళ్లేది. కోటలో ఫిరంగి పేలేది. ఆ రోజుల్లో బెజవాడలో రైలెక్కేవాడి గడియారం నుంగంబాకం రాతి మీద నక్షత్రం దాటిన వేళను బట్టి నడిచింది. 1906 జనవరి 1 నుంచి 82 డిగ్రీల 30 నిమిషాల రేఖ ఆధారంగా భారత ప్రామాణిక కాలం వచ్చింది, మద్రాసు కాలానికి 9 నిమిషాలు ముందుకు. ఆ రేఖ కాకినాడ మీదుగా పోతుందని బడిలో చదివాం. నిజానికి కాకినాడకు ఇరవై ఏడెనిమిది కిలోమీటర్లు తూర్పున, తునికి కాస్త పడమరగా పోతుంది. 1899లో ఖగోళ పనులు కొడైకెనాల్‌కు తరలిపోయాయి. ఆ పరంపరలోదే ఇప్పటి భారత ఖగోళ భౌతిక సంస్థ. దాన్ని నిలబెట్టిన వేణు బప్పు నాన్నగారు పనిచేసింది హైదరాబాద్ నిజామియా వేధశాలలో.

మళ్లీ అక్కడికి వెళ్తే ఇలా చేయండి. అది పనిచేసే కార్యాలయం ఆవరణ, గేటు దగ్గర అనుమతి అడగాలి. ఏప్రిల్ 15న గానీ సెప్టెంబరు 1న గానీ వెళ్లండి. ఆ రోజుల్లో సూర్యుడి గడియారానికీ మన గడియారానికీ తేడా దాదాపు ఉండదు. మీ గడియారంలో 12 గంటల 9 నిమిషాలు అయినప్పుడు ఒక కర్ర నిటారుగా పట్టుకోండి. సూర్యుడు సరిగ్గా మద్రాసు మధ్యాహ్నరేఖ మీద ఉంటాడు, నడినెత్తికి కాస్త దక్షిణంగా. కర్ర నీడ పొట్టిగా, నికరంగా ఉత్తరానికి పడుతుంది. ఆ నీడ చూపించిన దిక్కులోనే తిన్నగా పోతే 70 కిలోమీటర్లు దాటాక శ్రీహరికోట వస్తుంది. రాకెట్లు లేచే చోటు ఈ గీతకు దాదాపు ఆనుకునే ఉంది. ఇంకా పైకి పోతే చీరాలకు పడమరగా, ఖమ్మానికి తూర్పుగా సాగుతుంది.